తెగిన చెయ్యి మళ్లీ అతికిన కథ

"తెగిన చెయ్యి ఎగురుకుంట వచ్చి భుజానికి అతుకుతదా అక్కా? ఏ దవాఖానల చూసినవ్?"

"దేవుడు తల్సుకుంటే అతుకుతది ఆపా. బొమ్మల సాఫ్ కనవడ్తుంటే నీకెందుకు పరేషాన్?"

"కనవడేదే ఉల్టా! నువ్వు కథను తోక పట్టుకొని గుంజుతున్నవ్."

"తలకాయేదో తోకేదో నాకు తెల్వదా? నేను చదివిన రెండో తరగతి పుస్తకానికి తలకాయ ఎడమ దిక్కే ఉండె."

"నేను చదివిన కితాబుకు కుడి దిక్కుండె. మల్ల?"

"మల్లేంది? ఆ జపానోళ్లు ఏమన్న నీ చుట్టాలా?"

"ఆహా, నీ మేనమామలా?"

ఆ మాట అనేసి ఆపా చేతిలోని, అడ్డపోగు నడిపే నాడె పక్కన పెట్టి, మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసి, కొంగు దులుపుకొని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్లిపోయింది. మగ్గం మీద పెళ్లి చీర ఆగిపోయింది. మూరెడు నేస్తే చీర పూర్తవుతుంది. మర్నాడు సాయంత్రానికి అది సావుకారి ఇంటికి చేరాలి, ఆ తర్వాత రోజు వనపర్తి పెళ్లివారు వచ్చి పట్టుకుపోవాలి. అట్లాంటి చీరను అట్లా వదిలి, ఇద్దరు పెద్ద ఆడవాళ్లం ఒక బొమ్మల పుస్తకం కోసం జుట్లు పట్టుకున్నంత పని చేశాం.

ఆ రోజుల్లో నేను అవ్వనయ్యాను కానీ, ఒంట్లో అవ్వతనం ఇంకా దిగలేదు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి మనవరాలిని పిలుస్తాను కానీ, అప్పుడు మగ్గం మీద తెగిన పోగును కళ్లు మూసుకొని ముడివేసేదాన్ని. పుట్టింది రాజోలిలో, మెట్టింది గద్వాలలో, రెండు చోట్లా మగ్గమే. మా గద్వాల చీర సంగతి మీకు తెలిసిందే, ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ పోగుకు పోగు మెలేసి కలపాలి కాబట్టి ఒక్క నాడెతో పని జరగదు. ఒకే మగ్గం మీద పక్కపక్కన ఇద్దరు కూర్చోవాలి. ఎడమ పక్క నేను, కుడి పక్క ఆపా. ఆమెది మా పక్కిల్లు, నడుమ ఒక్క గోడే. భర్త పోయాక పని నేర్పమని వచ్చి నా కుడి పక్కన కూర్చున్నది, ఎన్నో ఏళ్లుగా అక్కడే కూర్చున్నది. మాలో ఎవరు పెద్దో ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఒప్పుకోము. అందుకే నేను ఆమెను ఆపా అంటాను (అంటే అక్కే), ఆమె నన్ను అక్కా అంటుంది. చెల్లెలు అనిపించుకోవడానికే ఇద్దరికీ ఆశ.

ఇక నాకు ఈ జపాను బొమ్మల పిచ్చి ఎట్లా పట్టిందో చెప్పాలి. మనవరాలు బడి నుంచి రాగానే సంచి ఒక మూలకు, తాను ఒక మూలకు పడి టీవీ పెట్టేది. "కరెంటు నీ తాత తయారు జేస్తుండా?" అని కేకలేసేదాన్ని. ఒకరోజు టీవీ కట్టేద్దామని లేచి, మీట మీద చెయ్యి పెట్టి, అట్లాగే నిలబడిపోయాను. తెరమీద ఒక స్కూలు పిల్ల ఏనుగంత ఇనుప యంత్రం లోపల కూర్చొని, ఊరిని కాపాడటానికి పోతూ, మధ్యలో ఆగి, రోడ్డు మీద తప్పిపోయిన పిల్లికూనను పక్కకు పెట్టి మరీ పోయింది. ఊరు మండిపోతుంటే పిల్లికూన ఏంది అనుకున్నాను. మరునాడు ఆ పిల్లి ఏమైందో అని నేనే ముందుగా టీవీ పెట్టాను. (బల్బు ఆర్పి, టీవీ వెలుతురులోనే రాట్నం తిప్పి నూలు కండెలు చుట్టేదాన్ని. చూసినందుకు పని కూడా కావాలి కదా. కరెంటు ఊరికే రాదు.) ఇంకొకటి వచ్చేది, దాంట్లో వంట నేర్చుకునే పిల్లవాడు ఊరూరా తిరిగి ముసలివాళ్ల దగ్గర ఒక్కో చారు నేర్చుకుంటాడు. తాగిన ప్రతిసారీ వాడి కళ్లల్లో నీళ్లు. కళ్లేమో గిన్నెలంత. మొదట్లో ఆ కళ్లు చూసి నవ్వాను, తర్వాత అర్థమైంది. అంత కన్ను ఉంటే గాని అంత ఏడుపు పట్టదు. మన సినిమాల్లో దుర్మార్గుడు పుట్టుకతోనే దుర్మార్గుడు. వీళ్ల కథల్లో దుర్మార్గుడు కూడా ఒక రోజు కూర్చొని అన్నం తింటూ తన చిన్నప్పటి సంగతి తలచుకుంటాడు. మనకు వాడి మీద జాలి కలిగే సమయానికి సరిగ్గా కరెంటు పోతుంది.

ఆ ఊపులో ఉండగానే పుస్తకం దొరికింది. చీరలు మడతపెట్టేటప్పుడు మడతల మధ్య పెట్టడానికి నేను పాత కాగితం కిలోల లెక్కన తెచ్చేదాన్ని. ఎక్కడెక్కడి కాగితమో వచ్చేది దాంట్లో. ఒకసారి కట్ట విప్పితే ఇటుకంత లావు పుస్తకం బయటపడింది. అట్ట లేదు, లోపల పేజీ పేజీకీ బొమ్మలు, ఆ గిన్నెల కళ్లే. అక్షరాలు మాత్రం మనవి కావు, పిట్టగూళ్లలాగా ఉన్నాయి. పదో తరగతి చదివిన మా కోడలు చూసి "ఇది జపానుది అత్తమ్మా" అన్నది. చింపి చీరలో పెడదామని చెయ్యి వేశాను, రాలేదు. నా జన్మలో దొరికిన కాగితాన్ని చింపకుండా ఉంచింది అదొక్కటే.

అక్షరాలు రాకపోతేనేం, బొమ్మలున్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలోని ఆడవాళ్లు రాట్నాలు, కండెలు పట్టుకొని మా వసారాలో చేరేవాళ్లు. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకొని రోజుకు కొంచెం కథ చెప్పేదాన్ని. మొదటి బొమ్మలో వెన్నెల్లో నది, పడవ, పడవలో ఒంటరిగా ఒంటి చేతి వీరుడు. అక్కడి నుంచి మొదలు. "వీనికి పుట్టుకతోనే ఒక చెయ్యి లేదు, అందుకే పిల్లనెవరూ ఇయ్యలే" అని నేనే కల్పించాను. కొన్ని పేజీలు పోయాక ఒక వంతెన మీద మొహాన గాటు ఉన్న శత్రువు ఎదురుపడతాడు. నేలమీద ఒక చెయ్యి పడి ఉంది. పేజీ తిప్పితే ఆ చెయ్యి గాలిలో ఉంది. ఇంకొక పేజీ తిప్పితే వీరుడి భుజానికి ఉంది! ఆ రోజు మా వసారాలో రాట్నాలన్నీ ఆగిపోయాయి. వీధి చివర బండి పెట్టుకునే మిర్చి బజ్జీల అత్త లేచి బొమ్మకు దండం పెట్టింది. తర్వాత కాలిపోయిన కోట నిలబడింది. శత్రువు మొహం మీద గాటు మాయమైంది (మంచివాడైపోతున్నాడు కదా, మచ్చెందుకు ఉంటుంది). ఇద్దరూ కలిసి సేమ్యా లాంటిదేదో తిన్నారు. ఖాళీ గిన్నెలు క్రమంగా నిండిపోయాయి. "అక్షయపాత్ర" అన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు.

మధ్యలో ఒక పేజీ ఉండేది, మనిషి లేడు, మాట లేదు, వట్టి వాన. పేజీ నిండా సన్నటి గీతలు. మొదటిసారి చూసి "ఇంత కాగితం దుబారా చేసినరు, వీళ్లకు ఇల్లెట్ల గడుస్తది" అనుకున్నాను. రెండోసారి చూసేసరికి నాకు మా రాజోలిలో తుంగభద్ర మీద వాన పడుతుంటే ఏరు దాటించే పుట్టి కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఆ పేజీ వచ్చినప్పుడు నేను ఏమీ చెప్పేదాన్ని కాదు. ఊరికే అందరికీ చూపించేదాన్ని. అందరూ ఊరికే చూసేవాళ్లు.

పేజీల కింద అక్కడక్కడా మాత్రం మనకు తెలిసిన అంకెలే ఉన్నాయి. అవి వెనక నుంచి ముందుకు వస్తున్నాయి. నాకు అంకెలు రావనుకోకండి, బాగా వచ్చు. "బుక్కు కుట్టినోడు తాగి కుట్టిండు, అందుకే రద్దీ కాయితాల వడేసినరు" అని తేల్చేశాను. సరుకులో లోపం ఉంటేనే చవకగా వస్తుందని నాకు తెలియనిదా?

ఇక్కడే ఆపా సంగతి. మధ్యాహ్నం ఆమె నమాజుకు, వంటకు ఇంటికి పోయేది కాబట్టి వసారా కథకు రాలేదు, పుస్తకం కళ్లతో చూడలేదు. కానీ మరునాడు పొద్దున మగ్గం మీద కూర్చోగానే "నిన్న ఏమైందక్కా?" అని అడిగేది. నాడెలు నడుస్తుంటే నేను చెప్పేదాన్ని. చెయ్యి అతికిన సంగతి చెప్పినప్పుడు "సుభానల్లా" అని పని ఆపి నా చెయ్యి పట్టుకుంది. గాటు మాయమైన రోజు కళ్లు తుడుచుకుంది. "మంచిగైండు, వాడు మంచిగైండు" అని తన సొంత తమ్ముడు దారికొచ్చినట్టు సంబరపడింది. చివరికి ఆ ఇద్దరు శత్రువులు చిన్నపిల్లలైపోయి, ఒకడు ఇంకొకడి భుజాలెక్కి చెట్టుకాయ కోసుకుంటారు. ఆ ముగింపు ఆ రోజు చెప్పాలని నేను పొద్దున్నుంచీ ఊగిపోతున్నాను. పుస్తకాన్ని మగ్గం పక్కనే పెట్టుకున్నాను.

అదే నేను చేసిన తప్పు. పోగు తెగితే ముడివేయడానికి నేను అటు వంగాను, ఆపా ఇటు పుస్తకం తీసింది. చిన్నప్పుడు మసీదులో ఉర్దూ చదివిన చెయ్యి, దానంతట అదే కుడి వైపు నుంచి తెరిచింది. ఒక పేజీ తిప్పింది, రెండు తిప్పింది. నేను ముడివేసి తలెత్తేసరికి నవ్వుతోంది. తర్వాత నవ్వు ఆగింది. తర్వాత మెల్లగా అన్నది, "అక్కా, వీళ్లు ముందుగాల దోస్తులే. తర్వాత దుష్మన్లు అయినరు. చెయ్యి నరికింది వీడే."

అంకెలు చూపించింది. ఒకటి, రెండు, మూడు, వరసగా. ఇంకొకరైతే "అట్లనా" అని ఊరుకునేవారు. నేను వీధి వీధికంతా చెప్పి ఉన్నాను. మిర్చి బజ్జీల అత్త దండం కూడా పెట్టి ఉంది. కుట్టినవాడు తాగాడన్నాను. వాడు తాగలేదు, నువ్వే ఉల్టా పట్టుకున్నావన్నది. అక్కడి నుంచి మాటా మాటా పెరిగి దవాఖాన, తోక, మేనమామలు అన్నీ అయ్యి, మీకు మొదట్లో చెప్పిన చోటికి వచ్చింది.

ఆపా వెళ్లిపోయాక నేనేమీ భయపడలేదు. (అట్లా అనుకున్నాను.) మా ఆయనను పట్టుకొచ్చి కుడి పక్కన కూర్చోబెట్టాను. ఆయన విత్తనపత్తి చేలల్లో కూలీలను చూసుకునే మనిషి, పత్తి తెలుసు గాని నూలు తెలియదు. గుంటలో కాళ్లు పెట్టగానే "ఇది మనిషిని బొంద పెట్టినట్టే ఉన్నది" అన్నాడు. నేను ఇటు నుంచి నాడె విసిరితే ఆయన పట్టుకోవడానికి బదులు తప్పుకున్నాడు. రెండోసారి పట్టుకున్నాడు గాని, తిరిగి ఇవ్వడం మరచి దాన్ని తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాడు. నాలుగు పోగులకే పట్టంచు వానకు కోసుకుపోయిన గట్టులాగా వచ్చింది. అదంతా విప్పేశాను.

"మీ ఇద్దరి జపాన్ లడాయిల నన్నెందుకు సంపుతున్నవే? పోయి పిల్సుకరా" అన్నాడు.

"నేనా? ఆమే రావాలె."

"మరి చీర?"

ఆయనను గుంటలోంచి లేపి పంపేశాను. చీర ఒక్కటే అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. కుడి పక్క ఆ ఖాళీ జాగా చూస్తుంటే, ఇంతకాలం అక్కడ ఒక మనిషి లేకుండా నేను ఒక్క జానెడు అంచైనా నేశానా అని లెక్క వేసుకున్నాను. నేయలేదు.

మధ్యాహ్నం వసారాలో ఆడవాళ్లు చేరారు. సంగతి అప్పటికే పాకింది. "కుడి దిక్కుకెల్లి అయితే ఆఖర్ల ఏమైతదంట?" అని అడిగింది మిర్చి బజ్జీల అత్త. ఒంటి చేతివాడు పడవలో ఒక్కడే పోతాడని చెప్పాను. ఆమె చేతిలోని కండె కింద పెట్టి, "గా కథ మాకొద్దు. మేం పెట్టిన దండం మేం వాపస్ తీసుకోం. చెయ్యి అతికిన కథే చెప్పు" అన్నది. అందరూ తలూపారు. గెలిచాను. అయినా ఆ రోజు కథ చెప్పబుద్ధి కాలేదు. ముగింపు బొమ్మ చూపించకుండానే పుస్తకం మూసేశాను.

పొద్దు వాలేటప్పుడు పెరట్లోకి పోయాను. గోడ అవతల ఆపా మేకకు ఆకు వేస్తున్న చప్పుడు వినిపించింది. మా దిక్కు ఒక పద్ధతి ఉంది, మాటలు బంద్ అయినవాళ్లు మనుషులతో మాట్లాడరు, గొడ్డుతోనో కోడితోనో మాట్లాడతారు. అవతలివాళ్లకు వినపడితే అది మన తప్పు కాదు.

"ఓ మేకా, జర సూస్కొని తిను. కొంతమందికి కుడేదో ఎడమేదో తెల్వదు, నువ్వన్న తెల్సుకో" అన్నది ఆపా.

నా దగ్గర కోడి ఉంది. "ఓ కోడీ, కొంతమందికి మంచిగున్నదాన్ని ఖరాబు చేసేదాక నిద్ర పట్టదే" అన్నాను.

"ఓ మేకా, ఖరాబు నేను చేసిన్నా? బుక్కుల ఎట్లున్నదో గట్ల చెప్పిన. ఆ నావల ఒక్కడు కూసొని పోతుంటే నాకేమన్న మంచిగ అనిపించిందా? పొద్దున్నుంచి నాకు అన్నం దిగలే."

నేను కోడిని మరిచిపోయి గోడ వైపు తిరిగాను. మళ్లీ గుర్తు చేసుకొని కోడి వైపు తిరిగాను. "ఓ కోడీ, మరి అన్నం దిగనంత కథను నాకెందుకు చెప్పాలె?"

"ఓ మేకా, ఇంకెవలకు చెప్పాలె? కుడి పక్క కూసున్నదాన్ని, ఎడమ పక్కామెకే గద చెప్తా."

నేను కోడికి గుప్పెడు నూకలు విసిరాను. మనవరాలు గడపలో నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. అవతలి నుంచే మళ్లీ వినిపించింది.

"ఓ మేకా, కథ మాత్రం ఆమెదే మంచిగున్నది. బుక్కు మాత్రం నా దిక్కుదే."

"ఓ కోడీ, పెండ్లి చీర మూరెడు మిగిలున్నదే" అన్నాను నేను. గొంతు కొంచెం తగ్గించే అన్నాను.

"ఓ మేకా, నాకు తెల్వదా?" అని అవతల తలుపు వేసుకున్న చప్పుడు.

ఇప్పుడు మనవరాలికి ఉద్యోగం వచ్చింది, ఫోనులో ఇట్లాంటి కథలు వందలున్నాయి. సెలవుకు వచ్చినప్పుడల్లా నా పక్కన పడుకొని చూపిస్తుంది, "అవ్వా, దీన్ని కుడి దిక్కు నుంచి చదవాలె" అని నాకు నేర్పుతుంది. నాకు నేర్పుతుంది! నేను తల ఊపుతాను, ఆమె నిద్రపోయాక చివరి బొమ్మ నుంచి మొదలుపెట్టి నా పద్ధతిలో ఒకసారి చూసుకుంటాను. చచ్చినవాళ్లందరూ లేచి వస్తారు, కొట్టుకున్నవాళ్లు కలిసి తింటారు. కుట్టినవాడు తాగాడన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. ఆ రోజు గోడకు ఇవతల కోడితో మాట్లాడిన ఆ గట్టి మనిషిని తలచుకుంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. ఎంత రోషం, ఎంత కథ పిచ్చి దానికి!

అట్లా కోడితో మాట్లాడిన మర్నాడు పొద్దున నేను వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చాయ్ పెట్టి, మగ్గం ఇంట్లోకి పోయేసరికి ఆపా అప్పటికే కూర్చొని ఉంది. తన జాగాలో కాదు, నా ఎడమ జాగాలో.

"జరుగు ఆపా, అది నాది" అన్నాను.

"తెల్సులే. గీ దిక్కుకెల్లి ఎట్ల కనవడ్తదో సూస్తున్న" అన్నది.

నేను కుడి పక్కన గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నాను. ఆమె నాడె విసిరింది, నా చేతికి అందక కింద పడింది. నేను విసిరాను, ఆమె మోచేతికి తగిలింది. మూడోసారికి పోగు పుటుక్కున తెగింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లేచి జాగాలు మార్చుకున్నాం. తెగిన పోగు నేను ముడివేశాను, నాడె ఆమె అందుకుంది. పొయ్యి మీద చాయ్ పొంగుతున్న వాసన వస్తున్నా ఇద్దరం లేవలేదు.